బంజారాహిల్స్‌లో బంజారాలు ఎక్కడ?



'నగరం – నేల – కులం' వరుసలో ఇది ఆరో భాగం. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక తమ్ముడు మొన్న నన్నడిగాడు: "అన్నా, బంజారాహిల్స్‌ల గజం లక్షల్ల పోతదంటరు. వరి పండదు, పత్తి పండదు, బోరేస్తే బండ తగుల్తది. రాళ్లగుట్టకు అంత విలువ ఎట్లొచ్చింది?"

ప్రశ్న చిన్నదే కానీ చాలా దూరం తీసుకుపోతుంది. మామూలుగా దొరికే జవాబు ఏమిటంటే, కష్టపడి సంపాదించుకున్నవాళ్లు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు, కాబట్టి విలువ పెరిగింది అని. నేను ఒప్పుకోను. కష్టపడినవాళ్లు ఆ గుట్టల మీద చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది 50, 60 గజాల రేకుల ఇళ్లలో ఉన్నారు. ఆ గుట్టకు విలువ రాయి నుంచి రాలేదు, చెమట నుంచి రాలేదు, కాగితం నుంచి వచ్చింది. ఆ కాగితం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నదే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ చరిత్ర.

1. పేరు మిగిలింది, మనుషులు పోయారు

బంజారా అంటే లంబాడీలు. రాయలసీమలో సుగాలి అంటారు. వాళ్లు తమను తాము గోర్ అని చెప్పుకుంటారు, వాళ్ల భాష గోర్ బోలి. రైళ్లు రాకముందు దక్కన్‌లో ఉప్పు, తిండిగింజలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరాయంటే అది ఎక్కువగా వీళ్ల ఎడ్ల మీదే. మొఘల్ సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు వాటి వెంట ధాన్యం మోసింది కూడా బంజారా బిడారులే. అంటే వీళ్లు ఊరూరా తిరిగిన దేశదిమ్మరులు కాదు. ఆనాటి సరుకు రవాణా వ్యవస్థ వీళ్లే.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఒకచోట ఇల్లు లేకుండా తిరిగేవాడు దొంగ అయి ఉంటాడనే అనుమానాన్నే అది చట్టం చేసింది. దేశంలో చాలాచోట్ల బంజారాలు దాని కిందికి వచ్చారు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడింది. ఎడ్ల మీద సరుకు మోసే బతుకుదెరువు పడిపోయింది. ఆ చట్టం రద్దయింది 1952లో. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరింది 1976 చట్టంతో.

హైదరాబాదు పడమటి గుట్టల్లో వీళ్లు మకాం ఉండేవాళ్లు కాబట్టి ఆ గుట్టలకు ఆ పేరు. కానీ రెవెన్యూ లెక్కలో మకాం అనేదానికి విలువ లేదు. ఎడ్లు మేసిన చోటుకు పట్టా ఉండదు. గుడారం ఎత్తేసిన రోజే హక్కు కూడా లేచిపోతుంది. వందేళ్లు తిరిగినా ఆ నేల సర్కారు లెక్కలో ఖాళీ జాగానే. ఈ 'ఖాళీ' అన్న మాటను గుర్తుపెట్టుకోండి. మన వాడలు లేపినప్పుడు, తండాలు లేపినప్పుడు, అడవి నుంచి ఆదివాసీని తోసేసినప్పుడు ముందు కాగితం మీద ఆ నేలను ఖాళీ చేస్తారు. తర్వాతే బుల్డోజరు వస్తుంది.

2. వరద తర్వాత ఎత్తుకు విలువ వచ్చింది

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు కూల్చి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త ఇళ్లు కట్టడం దాని పని. కింద నది, వరద, ప్లేగు. పైన గాలి, ఎత్తు. నగరంలో స్తోమతు ఉన్నవాళ్లకు ఎత్తు మీద ఆశ పుట్టడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఆ గుట్ట ముందుగా ఎక్కినవాళ్లలో పేరున్నవాడు మెహదీ నవాజ్ జంగ్. నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి. 1930 ప్రాంతంలో బండరాళ్లను పగలగొట్టకుండా వాటిని కలుపుకునే ఇల్లు కట్టుకున్నాడు. దానికి బంజారా భవన్ అని పేరు పెట్టాడు. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ గుట్టల అందం చూసి కవిత రాశాడు. నవాజ్ జంగ్ ఆ తర్వాత గుజరాత్ మొదటి గవర్నరయ్యాడు. రెడ్‌హిల్స్‌లో పేదలు క్యాన్సర్ వైద్యానికి వెళ్లే ఎం.ఎన్.జె. ఆసుపత్రి పేరులో ఉన్నది ఆయనే. మనిషిగా ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బండను పగలగొట్టకుండా ఇల్లు కట్టిన ఆ రుచి తర్వాత వచ్చినవాళ్లకు లేకపోయింది కూడా. నేను చూపిస్తున్నది ఇంకొకటి. గుట్టెక్కాలంటే రోడ్డును, నీళ్లను, కరెంటును వెంట పైకి రప్పించుకోగలగాలి. అది పదవికి దగ్గరగా ఉన్నవాళ్లకే సాధ్యం.

అవే రోజుల్లో మనవాళ్లు ఎక్కడున్నారు? 1888లో మాల కుటుంబంలో మాదరి భాగయ్యగా పుట్టిన భాగ్యరెడ్డి వర్మ చిన్నతనంలో ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరాడు. అక్కడే చదువు మీద, లోకం మీద చూపు పెంచుకున్నాడు. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టాడు. ఇసామియా బజార్, లింగంపల్లి లాంటి చోట్ల మన పిల్లలకు బడులు తెరిచాడు. 1939లో పోయేదాకా ఆది హిందువులమని చెప్పుకునే ధైర్యాన్ని ఈ నగరంలోని దళితులకు నేర్పాడు. గుట్ట మీద బంగళాలు లేస్తున్న కాలంలోనే గుట్ట కింద మన బడులు లేచాయి. హైదరాబాదు చరిత్ర పుస్తకాల్లో మొదటిదానికి ఫొటోలతో పేజీలు దొరుకుతాయి. రెండోదానికి ఒక పేరా దొరికితే గొప్ప.

3. సొసైటీ అనే నిచ్చెన

1948 తర్వాత నిజాం రాజ్యం పోయింది. 1949లో ఆయన సొంత జాగీరు సర్ఫెఖాస్ కూడా సర్కారులో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. షేక్‌పేట, హకీంపేట, యూసుఫ్‌గూడ లాంటి గ్రామాల గుట్టలు, బీళ్లు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఇప్పటికీ రెవెన్యూ రికార్డులో చాలా బంగళాల చిరునామా 'షేక్‌పేట గ్రామం' అనే ఉంటుంది.

1960ల్లో జూబ్లీహిల్స్ సహకార గృహ నిర్మాణ సంఘం వచ్చింది. చల్లగాళ్ల నరసింహారెడ్డి దాన్ని నిలబెట్టాడు. వెయ్యి ఎకరాలకు పైగా భూమి ప్రభుత్వం నుంచి ఆ సంఘానికి దక్కింది. అప్పట్లో నక్కలు తిరిగే గుట్ట అది, ఎవరూ పోవడానికి ఇష్టపడలేదు, సభ్యులను బతిమాలి చేర్చుకున్నారు అని ఆ తరం పెద్దలు చెబుతారు. నిజమే కావచ్చు. కానీ ఎవరిని బతిమాలారు? ఆ ప్రశ్న వేయకుండా ఆ కథ చెప్పడం సగం చెప్పడమే.

సహకార సంఘం పద్ధతి తెలియని విద్యార్థుల కోసం చెబుతాను. కొంతమంది కలిసి సంఘం రిజిస్టర్ చేస్తారు. ప్రభుత్వం మార్కెట్ ధర కాకుండా తక్కువ ధరకు పెద్ద విస్తీర్ణం ఇస్తుంది. సంఘం లేఅవుట్ వేసి సభ్యులకు ప్లాట్లు పంచుతుంది. రోడ్డు, నల్లా, డ్రైనేజీ ప్రజల డబ్బుతో వస్తాయి. పదేళ్లు ఆగితే ఆ ప్లాటే కుటుంబానికి మూడు తరాల ఆస్తి. పద్ధతిలో తప్పు లేదు. పేదవాడికి ఇల్లు రావడానికి ఇంతకంటే మంచి దారి లేదు కూడా. కానీ సభ్యుడు కావాలంటే ముందు సభ్యులెవరో తెలిసి ఉండాలి. చేతిలో కొంత డబ్బుండాలి. సంఘం నియమావళిలో కులం పేరు రాయనక్కర్లేదు, చుట్టరికమూ పరిచయమూ ఆ పని చేసిపెడతాయి. ఆ రోజుల్లో సెక్రటేరియట్‌లో, హైకోర్టులో, పెద్ద కంపెనీల్లో మన కులాలవాళ్లు ఎంతమంది ఉన్నారో, ప్లాట్ల జాబితాలో అంతే ఉంటారు.

1976లో పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. హైదరాబాదులో ఒక్కొక్కరికి 1000 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదు. మిగులు భూమి తీసి పేదలకు ఇళ్లు కట్టాలన్నది దాని మాట. దాన్లోనే సెక్షన్ 20 కింద మినహాయింపులకు తలుపు పెట్టారు. ఆ తలుపు గుండా చాలా భూమి బయటికి నడిచిపోయింది. 2008లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టమే పోయింది. ఊళ్లో భూసంస్కరణల గతే నగరంలో దీనికీ పట్టింది.

4. డెల్టా డబ్బు, సినిమా డబ్బు

అక్కడ పేరుకున్న డబ్బు ఎక్కడిది? ఒక పాయ కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వచ్చింది. ఆనకట్టలు, కాలువలు, తర్వాత హరిత విప్లవం. మాగాణి మిగులు సినిమాలోకి, కాంట్రాక్టుల్లోకి, ఆసుపత్రుల్లోకి, రాజకీయంలోకి పారింది. భూమి ఎవరిదో అందరికీ తెలుసు. ఆ మాగాణుల్లో నాట్లేసి, కోతలు కోసి, కుప్పలు నూర్చిన మాల, మాదిగ కూలీల వాటా ఆ పారకంలో ఎక్కడ ఇంకిపోయిందో ఎవరూ లెక్క కట్టలేదు. ఇంకో పాయ తెలంగాణ దొరల, దేశ్‌ముఖుల పాత భూముల నుంచి వచ్చింది. గుట్ట మీద రెండూ పక్కపక్కనే గేట్లు పెట్టుకున్నాయి. కింద ఆంధ్రా, తెలంగాణ అని మనం కొట్లాడుకున్న రోజుల్లో కూడా పైన వియ్యాలు ఆగలేదు.

తెలుగు సినిమా మద్రాసు నుంచి ఇక్కడికి రావాలని ప్రభుత్వాలు స్థలాలు, రాయితీలు ఇచ్చి పిలిచాయి. 1950ల్లోనే అమీర్‌పేటలో సారథి స్టూడియో ఉంది. 1970ల్లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. ఆ వెనక పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు, ఫిలింనగర్. హీరోలు, నిర్మాతలు గుట్ట మీద. లైట్ మోసేవాళ్లు, మేకప్ అసిస్టెంట్లు, జూనియర్ ఆర్టిస్టులు గుట్ట దిగువన కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో. తెర మీద ఇద్దరూ ఒకే ఫ్రేములో కనిపిస్తారు. ప్యాకప్ చెప్పాక ఒకరు ఎక్కుతారు, ఒకరు దిగుతారు.

5. నంబరున్న రోడ్లు, పేరున్న బస్తీలు

బంజారాహిల్స్‌లో తిరిగినవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. బంగళాల రోడ్లకు పేర్లుండవు, నంబర్లుంటాయి. రోడ్ నంబర్ 1, 2, 3, 10, 12, 14. నంబరు చాలు, మిగతాది ఇంటి గేటు చెబుతుంది. అదే రోడ్ల సందుల్లోంచి లోపలికి దిగితే పేర్లు మొదలవుతాయి. ఇందిరానగర్, అంబేద్కర్ నగర్, ఇబ్రహీంనగర్, నందినగర్, జహీరానగర్, ఉదయ్‌నగర్, నందమూరి బసవతారకం పేరు మీద ఎన్.బి.టి. నగర్.

పేదల బస్తీలకు నాయకుల పేర్లు, దేవుళ్ల పేర్లు ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? అభిమానం ఒక కారణమే. అసలు కారణం భయం. కాగితం లేనివాడు పేరును అడ్డం పెట్టుకుంటాడు. ఇందిరమ్మ పేరున్న బోర్డు మీదికి, బాబాసాహెబ్ విగ్రహం మీదికి బుల్డోజరు తోలడానికి అధికారి ఒక్క నిమిషం ఆలోచిస్తాడు. ఆ ఒక్క నిమిషంలో నలుగురు ఆడవాళ్లు వచ్చి అడ్డం కూర్చుంటారు. ఆ పేర్లన్నీ అట్లా సంపాదించుకున్న నిమిషాలు.

ఈ బస్తీలు ఎట్లా పుట్టాయి? బంగళా కట్టాలంటే బండ పగలాలి. వడ్డెరలు సుత్తి, సమ్మెట పట్టుకుని వచ్చారు. స్లాబు పడాలంటే గంపలు మోయాలి. పాలమూరు కూలీలు వచ్చారు. ఇల్లు పూర్తయ్యాక ఊడ్వాలి, తోమాలి, వండాలి, పిల్లల్ని ఎత్తుకోవాలి, కారు నడపాలి, గేటు కాయాలి. ఆ పనులకు మనిషి పొద్దున ఆరింటికి అందాలి, అంటే దగ్గర్లో ఉండాలి. బంగళాకు బస్తీ కావాలి. బస్తీ లేకుండా ఆ జీవితం ఒక్క పూట నడవదు. అందుకే బంగళా లేచిన ప్రతిచోటా దాని వెనక వాలులో, నాలా పక్కన, ఎవరూ ప్లాటు వేయని బండల మీద బస్తీ లేచింది. ఇద్దరూ సర్కారు గుట్ట మీదికే వచ్చారు. ఒకరిది కేటాయింపు అయింది, ఒకరిది ఆక్రమణ అయింది.

ఆ బస్తీల్లో ఒకదాని పేరు దేవరకొండ బస్తీ. దేవరకొండ అంటే నల్లగొండ జిల్లాలో కరువు, తండాలు, వలస. ఊరి పేరును వెంట తెచ్చుకుని జనం బంజారాహిల్స్‌లో గుడిసెలు వేసుకున్నారు. దేవరకొండ తండాల నుంచి లంబాడీ కుటుంబాలు నగరానికి కూలికి రావడం ఈ రోజుకీ ఆగలేదు. బంజారాల పేరున్న గుట్ట మీదికి ఒక బంజారా మనిషి ఇప్పుడు మట్టిపని కూలీగా రావాలి. పైగా వచ్చి ఆక్రమణదారు అనిపించుకోవాలి.

6. కాయితం

2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం రెండు జీవోలు ఇచ్చింది. జీవో 58 ప్రకారం ప్రభుత్వ భూమిలో 125 గజాల లోపు ఇల్లున్న పేదలకు ఉచితంగా పట్టా. జీవో 59 ప్రకారం అంతకు మించి ఉన్నవాళ్లకు డబ్బు కడితే క్రమబద్ధీకరణ. 2014 జూన్ 2కు ముందు నుంచీ అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి.

2015 జనవరిలో మేం కొందరం మిత్రులం ఈ గుట్టల మీది ఒక బస్తీలో దరఖాస్తులు నింపడానికి కూర్చున్నాం. కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను రసీదు, ఆధార్ తెమ్మన్నాం. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ప్లాస్టిక్ సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. రేషన్ కార్డు, చనిపోయిన పెనిమిటి పేరు మీది ఓటరు చీటీ, ఆసుపత్రి చీటీలు, గ్యాసు పుస్తకం, చిట్టీల డైరీ. మేం ఒక్కొక్కటి తీసి పక్కన పెడుతుంటే చూసి అడిగింది: "గిన్ని కాయితాలు చాలవా బిడ్డా? గా మీది బంగ్ల స్లాబుకు కంకర మోసినదాన్ని నేనే. ఆళ్లనెవరన్న కాయితం అడిగిన్రా?"

అడగరు అవ్వా, వాళ్లకు ఉంది అని చెప్పాల్సి వచ్చింది. ఆమె దరఖాస్తు నింపాం. ఆ రోజు నుంచి నాకు ఏ గొప్ప కాలనీ చూసినా ముందు ఆ సంచి గుర్తొస్తుంది. ఒక కుటుంబం నలభై ఏళ్లు ఒకచోట బతికిందనడానికి ఎన్ని కాగితాలు కావాలో, ఒక సంఘానికి వందల ఎకరాలు ఇవ్వడానికి ఎన్ని సంతకాలు సరిపోతాయో పక్కపక్కన పెట్టి చూడండి. అదే కులం నగరంలో పనిచేసే తీరు. ఊళ్లో అది వాడ, ఊరు అని గీత గీస్తుంది. ఇక్కడ పట్టా, ఆక్రమణ అని గీస్తుంది.

7. నీళ్లు, ఓట్లు

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మంజీరా, సింగూరు నీళ్లు చాలక 2004 నుంచి నగరానికి కృష్ణా నీళ్లు తెస్తున్నారు. నల్లగొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధి చేసి పంపుతారు. అది దేవరకొండకు దగ్గర. ఆ జిల్లాలోనే ఫ్లోరైడు నీళ్లు తాగి తరాల తరబడి జనం ఎముకలు వంకర్లు పోయాయి. ముందు నగరానికి పైపులైను పడింది, ఆ పల్లెలకు మంచినీళ్ల కోసం ఏళ్ల తరబడి ఉద్యమాలు చేయాల్సి వచ్చింది.

ఓటు సంగతి. 2008 పునర్విభజనలో జూబ్లీహిల్స్ అసెంబ్లీ నియోజకవర్గం పుట్టింది. 2025 నవంబరులో ఉప ఎన్నిక జరిగినప్పుడు మా ఊరి నుంచి ఫోన్ చేసినవాళ్లు "సినిమావాళ్ల సీటు గదా" అన్నారు. కాదు. బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ, వెంగళరావునగర్, షేక్‌పేట దాని డివిజన్లు. కూలీలు, ఆటోవాళ్లు, చిరుద్యోగులు, ముస్లింలు, దళితులు, వలస వచ్చినవాళ్లు. బంగళాల జూబ్లీహిల్స్ డివిజన్ ఉన్నది ఖైరతాబాద్ నియోజకవర్గంలో. అంటే గుట్ట పేరేమో ఓట్లేసే బస్తీలకు, గుట్టేమో బంగళాలకు. బంజారాల పేరుకు జరిగిందే ఇక్కడ ఇంకో రకంగా జరిగింది.

8. ఇప్పుడు ఎందుకు చెబుతున్నాను

2024లో ఈ నగరంలో రెండు సంగతులు జరిగాయి.

ఒకటి, సెప్టెంబరులో మూసీ ఒడ్డున ఇళ్లకు ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. నది సుందరీకరణకు ఆ ఇళ్లు అడ్డమట. 1908 తర్వాత స్తోమతు ఉన్నవాళ్లు ఎత్తుకు పోయారు. పోలేనివాళ్లు, తర్వాత వలస వచ్చినవాళ్లు నది పక్కనే ఉండిపోయారు. ఇప్పుడు ఆ ఒడ్డుకు కూడా విలువ వచ్చింది కాబట్టి అక్కడి నుంచి కూడా లేవమంటున్నారు.

రెండు, నవంబరు 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఎమ్మెల్యేలు, ఎంపీలు, అఖిల భారత సర్వీసు అధికారులు, జడ్జీలు, జర్నలిస్టుల సహకార సంఘాలకు గ్రేటర్ హైదరాబాదులో ప్రభుత్వ భూమి ఇవ్వడానికి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2005, 2008లో తెచ్చిన జీవోలను కొట్టేసింది. ఇప్పటికే మెరుగ్గా ఉన్నవాళ్లకు ప్రజల భూమిని తక్కువ ధరకు కట్టబెట్టడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. 1960ల నుంచి నడిచిన దారికి దేశంలో అతిపెద్ద కోర్టు పెట్టిన పేరు అది. టీవీల్లో ఒక రోజు నడిచింది, మర్చిపోయారు. మనం మర్చిపోకూడదు. బస్తీ కూల్చడానికి ఎవరైనా వచ్చి "ప్రభుత్వ భూమి" అన్నప్పుడు ఆ తీర్పు మన చేతిలో ఉండాలి.

విద్యార్థులకు ఒక మాట. మీరున్న నగరంలో ఏదో ఒక గొప్ప కాలనీ తీసుకోండి. విశాఖ కావచ్చు, విజయవాడ కావచ్చు, వరంగల్ కావచ్చు. దాని పాత గ్రామం పేరు కనుక్కోండి. సర్వే నంబరు వెతకండి. ఏ సంవత్సరం, ఏ జీవోతో, ఏ ధరకు, ఎవరికి ఇచ్చారో సమాచార హక్కు కింద అడగండి. దాని వెనక ఉన్న బస్తీకి పోయి, ఎప్పుడొచ్చారు, ఎవరి ఇల్లు కట్టారు అని అడిగి రాసుకోండి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే మన చరిత్రలో ఒక అధ్యాయం అవుతుంది. మన చరిత్ర ఎవరో రాసిస్తారని భాగ్యరెడ్డి వర్మ ఎదురుచూడలేదు.

ఆ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు ఇది: రాళ్లగుట్టకు విలువ రాలేదురా తమ్మీ, ఇచ్చారు. ఇచ్చింది ప్రజల భూమి. ఇచ్చినవాళ్లు మన ఓటుతో గెలిచినవాళ్లు. కాబట్టి లెక్క అడగడం మన హక్కు.

వచ్చే భాగంలో కంటోన్మెంటు బట్లర్లు, వంటవాళ్లు, మన మొదటి తరం ఇంగ్లీషు చదువుల గురించి రాస్తాను.

జై భీమ్.